తినని తిండి

ఉదయం పదకొండూ ఇరవైకి ఫోన్ మోగింది. కాటాయన ఎత్తి చెవికి ఆనించుకునేలోపే అవతల నుంచి కూతురి గొంతు వచ్చింది.

"నాన్నా, ఏం తిన్నావు?"

"ఏమీ తినలేదు."

"మూడువందల పన్నెండు ఉంది. బాణం ఇంకా పైకే చూపిస్తోంది."

"చూపిస్తే చూపించనీ. నేనేం తినలేదు."

"నాన్నా, నిజం చెప్పు. కోప్పడను."

కోప్పడనని ముందుగా మాటిచ్చేవాళ్ళు కోపాన్ని పొయ్యి మీద పెట్టుకునే ఫోన్ చేస్తారని ఆయనకు అనుభవం. "చెప్పిందే నిజం. పొద్దున మీ అమ్మ పెట్టిన రెండు రొట్టెలు, ఓ గుడ్డు. ఆ తర్వాత మంచినీళ్ళు. లారీ ఎక్కింది, ఉంటాను" అని పెట్టేశాడు.

లారీ ఏదీ ఎక్కలేదు. ఆయన చెప్పినదాంట్లో ఆ ఒక్క ముక్కే అబద్ధం.

ఆయన పని లారీలు తూచడం. ఊరికి దూరంగా తుక్కు ఇనుము, ఇసుక, సిమెంటు బస్తాలు పోయే దారిలో ఉంది ఆ కాటా. నేలకు సమానంగా పరిచిన పొడవాటి ఇనుప పలక మీదికి లారీ ఎక్కి ఆగుతుంది. పక్కనున్న గాజు గదిలో తెర మీద ఎర్ర అంకెలు పడతాయి. ఆ అంకెల ముందు ఇరవై ఆరేళ్ళుగా కూర్చుని కూర్చుని, ఆయనకు అమ్మానాన్నా పెట్టిన పేరు అరిగిపోయింది. డ్రైవర్లకూ, యజమానికీ, చివరికి ఇరుగుపొరుగుకీ ఆయన కాటాయన.

ఆ కుర్చీలో కూర్చున్నవాడికి అనుమానం జీతంతో పాటే వస్తుంది. ఒకడు వెనక చక్రాన్ని పలక అంచు దాటించి నిలబెడతాడు. ఒకడు ఖాళీ బండి తూచేటప్పుడు నీళ్ళ పీపాలు నింపుకొచ్చి, సరుకుతో వచ్చేటప్పుడు వాటిని పారబోసి వస్తాడు. అడిగితే ఒక్కొక్కడూ పిల్లల మీద ఒట్టు పెట్టుకుంటాడు. కాటాయన ఒట్లు వినడు, మొహాలు చూడడు. తెర చూస్తాడు. "నోరు దేన్నైనా మోస్తుంది నాయనా, పలక ఉన్న బరువే మోస్తుంది" అనేది ఆయన ఊతమాట. అలాంటి మనిషిని ఇప్పుడు ఓ అంకె పట్టుకుని అబద్ధాలకోరు అంటోంది. 

ఇరవై తొమ్మిదో ఏట ఆయన ఒంట్లో ఇన్సులిన్ తయారుకావడం ఆగిపోయింది. అప్పటినుంచి మూడు పూటలా తిండికి ముందు ఒక సూది, పడుకోబోయే ముందు ఇంకోటి. ఇరవై రెండేళ్ళు. పొద్దున లేవగానే వేలు గుచ్చుకుని ఒక్కసారి అంకె చూసుకునేవాడు, సూది వేసుకునేవాడు, పనికి పోయేవాడు. అంతే ఆయన వైద్యం. రెండు నెలల కింద ఓ మధ్యాహ్నం షుగరు పడిపోయి గాజు గదిలోనే కుర్చీతో సహా వెనక్కి విరుచుకు పడ్డాడు. గేటు కాసే పెద్దాయన చూసి పరుగెత్తుకొచ్చి నోట్లో చక్కెర పోశాడు కాబట్టి బతికాడు.

ఆ వారమే కూతురు వచ్చింది. ఆమె పెళ్ళయి ఊరికి ఆ చివర ఉంటుంది, కళ్ళజోళ్ళ దుకాణంలో చూపు పరీక్ష చేస్తుంది. చొక్కా గుండీ కంటే కాస్త పెద్దదిగా ఉన్న బిళ్ళ ఒకటి తెచ్చి తండ్రి ఎడమ జబ్బ వెనక అంటించింది. దాని కింద వెంట్రుకంత తీగ చర్మంలోకి దిగుతుంది. ఐదు నిమిషాలకోసారి అది షుగరు ఎంతుందో ఆయన ఫోన్‌కి చెబుతుంది. ఆ ఫోన్ కూతురి ఫోన్‌కి చెబుతుంది. ఎక్కువైతే ఒక రకం మోత, తక్కువైతే ఇంకో రకం మోత.

"ఇక నువ్వు ఎక్కడున్నా నా కళ్ళ ముందే ఉంటావు నాన్నా" అంది ప్రేమగా.

ఆ మాటలో ప్రేమ ఎంత ఉందో, కాపలా ఎంత ఉందో నెల తిరిగేసరికి తెలిసింది. రోజూ అదే వరస. ఉదయం తొమ్మిదింటికి నూట నలభై. పదకొండయ్యేసరికి మూడువందలు. మధ్యాహ్నం కాస్త దిగి, భోజనమయ్యాక మళ్ళీ కొండెక్కడం. పంచదార డబ్బాలో తల దూర్చినవాడి గీత ఎలా ఉంటుందో అచ్చం అలా ఉంది ఫోన్‌లో ఆయన గీత.

ఆ సాయంత్రం ఇంట్లో అడుగు పెట్టగానే భార్య కుట్టు మిషను ఆపి లేచింది. ఆవిడ స్కూలు పిల్లల యూనిఫారాలు కుడుతుంది. చేతిలోని సంచీ అందుకుంటున్నట్టే అందుకుని, అడుగుదాకా చేయి పెట్టి చూసింది. అన్నం డబ్బా మూత తీసి వాసన చూసింది. ఆయన చొక్కా విప్పి కొక్కేనికి తగిలిస్తే, ఉతకడానికన్నట్టు తీసి రెండు జేబులూ బయటికి లాగింది.

"దొరికాయా?" అన్నాడు కాటాయన.

"ఏవీ?"

"నువ్వు వెతుకుతున్నవి."

"నేనేం వెతుకుతున్నానండీ? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం ఎందుకు?"

"భుజం తడుముకోవడానికి ఖాళీ ఎక్కడుంది? ఉన్న జబ్బ మీద మీరు బిళ్ళ అంటించారుగా."

ఆవిడ నవ్వలేదు. జేబు అడుగున దొరికిన ఏదో పొడిని వేలి మీద తీసుకుని కిటికీ వెలుగులో చూసింది. సిమెంటు దుమ్ము. ఐనా నాలుకకు ఆనించి చూసి, ఉమ్మేసింది.

ఆ రాత్రి అన్నం తింటున్నప్పుడు ఆవిడ మామూలుగా అడిగినట్టు అడిగింది. "నాలుగింటికి టీ బండి దగ్గర ఎందుకు నిలబడ్డారు?"

కాటాయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. టీ బండి దగ్గర నిలబడిన మాట నిజమే. చక్కెర లేని టీ తాగాడు. కానీ ఆ సంగతి ఆయన ఇంట్లో చెప్పలేదు, ఫోన్‌లోని గీత అలాంటివి చెప్పలేదు. టీ బండి కాటాకి యాభై అడుగుల దూరం. గేటు దగ్గర్నుంచి అది చూడగలిగే మనిషి ఒక్కడే.

మర్నాడు పొద్దున తెర మీద కన్ను పెట్టకుండా గేటు మీద పెట్టాడు. పది గంటల ప్రాంతంలో పెద్దాయన జేబులోంచి ఫోన్ తీశాడు. మాట్లాడుతూ గాజు గదివైపు ఓసారి చూసి, కాటాయన చూపు తగలగానే గిరుక్కున అటు తిరిగాడు. తిరిగిన ఆ తిరుగుడు చాలు.

పెద్దాయన, కాటాయన పదకొండేళ్ళుగా ఒకే బల్ల మీద మధ్యాహ్నం భోజనం చేస్తున్నారు. ఒకరి కూర ఒకరు రుచి చూడకుండా ముద్ద ఎత్తింది లేదు. ఆయన ఈయన్ని 'తమ్ముడూ' అంటాడు, ఈయన ఆయన్ని 'అన్నా' అంటాడు. ఆ రోజు కాటాయన డబ్బా పట్టుకోకుండా వట్టి చేతులతో గేటు దగ్గరికి వెళ్ళాడు.

"అన్నా, మా ఆవిడ నీకు ఫోన్ చేస్తోందా?"

పెద్దాయన తీయబోయిన తన డబ్బా మూత మళ్ళీ పెట్టేశాడు. "చేస్తే ఏముంది తమ్ముడూ? చెల్లెలు లాంటిది. భయపడుతోంది."

"రోజూ చేస్తోందా?"

"రోజూనే."

"నువ్వు రోజూ చెబుతున్నావా?"

"చూడు తమ్ముడూ, నేను చూసిందే చెబు..."

"చాలన్నా. పదకొండేళ్ళు నా పక్కన కూర్చుని తిన్నావు. నా మూతి మీద కాపలా కాయడానికని నాకు తెలీలేదు."

పెద్దాయన ఇంకేదో అనబోయాడు. కాటాయన వినకుండా వచ్చేశాడు. ఆ రోజునుంచి గాజు గది తలుపు వేసుకుని ఒక్కడే తిన్నాడు. గేటు దాటేటప్పుడు చూపు చెట్ల మీద పెట్టుకుని దాటాడు.

ఇక మిగిలింది ఫోన్. మనుషులందరూ ఒకవైపు చేరితే, వాళ్ళ చేతిలోని సాక్ష్యాన్నే పట్టుకోవాలనిపించింది. కాటాకి ఏటా రెండుసార్లు పరీక్ష ఉంటుంది; బరువు తెలిసిన ఇనుప దిమ్మలు తెచ్చి పలక మీద పెట్టి, తెర సరిగ్గా చెబుతోందో లేదో చూస్తారు. ఆ పద్ధతే ఇక్కడా పెట్టాడు. వేలు గుచ్చి షుగరు చూసుకునే పాత మిషను సొరుగులోంచి తీసి, కొత్త పట్టీలు కొని, నాలుగు రోజులపాటు గంటగంటకూ వేలు గుచ్చుకున్నాడు. అంకెలు సిమెంటు రసీదు వెనక రాసుకున్నాడు. ఫోన్ మూడువందల ఐదంటే వేలు రెండువందల తొంభై అంది. ఫోన్ రెండువందల అరవై అంటే వేలు రెండువందల డెబ్భై రెండు. పది వేళ్ళూ తూట్లు పడ్డాయి కానీ ఫోన్ మాత్రం దొరకలేదు. అది నిజమే చెబుతోంది.

ఆ రసీదు ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. పలక తప్పు కాదు, తెర తప్పు కాదు. ఐతే తప్పు లారీదే అవ్వాలి. లారీ తనే.

అప్పుడు కొత్త అనుమానం ఒకటి పుట్టింది. ఎనిమిదేళ్ళ కింద ఓసారి షుగరు తగ్గినప్పుడు, ఎవరో డ్రైవరు బల్ల మీద పెట్టిన బిస్కెట్ల పొట్లం మొత్తం తినేశాడట. తిన్నట్టు ఆయనకు ఇప్పటికీ గుర్తు లేదు. డ్రైవరు చెబితే నమ్మలేదు. మీసాల మీది పొడి చూపిస్తే నోరు మూసుకున్నాడు. ఇప్పుడూ అలాగే జరుగుతోందేమో? తనకు తెలియకుండా తన చేయే తన నోటికి ఏదో అందిస్తోందేమో? గాజు గదిలో సొరుగులు తెరిచి చూశాడు. చెత్తబుట్ట కాగితం పరిచి కుమ్మరించాడు. చూసేవాళ్ళుంటే పిచ్చెత్తిందనుకునేవాళ్ళు. నలిగిన రసీదులు, టీ కప్పులు, పెన్ను మూత. తినేది ఏదీ లేదు. లేకపోవడం కూడా ఆయనకు నమ్మకం కలిగించలేదు. తెలివైన దొంగ పొట్లాలు బుట్టలో వేస్తాడా ఏమిటి?

శనివారం సాయంత్రం భార్యతో అన్నాడు. "రేపు పొద్దున లేచిన దగ్గర్నుంచి నీ ఎదురుగా కూర్చుంటాను. నువ్వు తూచి పెట్టింది తింటాను. నేను స్నానాల గదికి పోయినా తలుపు దగ్గర నిలబడు."

"ఏమిటండీ ఆ మాటలు, నేనేదో పోలీసైనట్టు?"

"కాదా?"

ఆవిడ కంట్లో నీళ్ళు తిరిగాయి. కానీ ఒద్దనలేదు.

ఆదివారం కూతురు కూడా వచ్చింది. కాటాయన కుర్చీ కుట్టు మిషను పక్కన వేయించుకున్నాడు. చొక్కా ఎత్తి, బొడ్డుకి కుడిపక్కన రోజూ వేసుకునే చోటే సూది వేసుకున్నాడు. భార్య కొలిచి పెట్టిన రెండు రొట్టెలు, గుడ్డు తిన్నాడు. నీళ్ళు కూడా ఆవిడ గ్లాసుతో పోస్తేనే తాగాడు. ఫోన్ బల్ల మీద అందరికీ కనపడేలా ఉంది. గంట గడిచింది, నూట తొంభై. గంటన్నర, రెండువందల యాభై.  మిషను మీద సగం కుట్టిన నిక్కరు అలాగే ఉండిపోయింది. రెండు గంటలకు మూడువందల ఇరవై, బాణం పైకి, మోత.

ముగ్గురూ ఆ అంకె వంక చూశారు. తర్వాత ఇద్దరు ఆయన వంక చూశారు.

"నేను కన్ను ఆర్పలేదు" అంది భార్య, ఎవరో తననే నిందించినట్టు. "ఒట్టు. ఏమీ తినలేదు మనిషి."

కాటాయనకు గెలిచినట్టు అనిపించాలి. అనిపించలేదు. తినకుండానే పెరుగుతోందంటే ఒంట్లో ఇంకా ఏదో చెడిందన్న భయం పట్టుకుంది.

అనుమానం ఒకసారి ఇంట్లో కాలు పెడితే ఎవరో ఒకరి ఒళ్ళో కూర్చోక మానదు. ఆయన ఒడి దిగి మందు మీదికి ఎక్కింది. మందుల దుకాణంవాడు ఎండలో పెట్టిన సరుకు అంటగట్టాడేమోనని కూతురు వేరే దుకాణం నుంచి కొత్త ఇన్సులిన్ పెన్నులు తెచ్చింది. ఫ్రిజ్ మరీ చల్లబరుస్తోందేమోనని భార్య వాటిని వెనక అర నుంచి తలుపు అరలోకి మార్చింది. నాలుగు రోజులు పోయాయి. గీత మారలేదు. ఆసుపత్రిలో నర్సుకు చూపించుకోవడానికి వచ్చే సోమవారం దొరికింది. "అంతదాకా మోతాదు పెంచుకోవద్దు నాన్నా, నీ ఇష్టం వచ్చినట్టు" అని కూతురు గట్టిగా చెప్పింది. గత ఐదారేళ్ళలో చాలడం లేదనుకున్నప్పుడల్లా రెండేసి యూనిట్లు ఆయన పెంచుకుంటూ వచ్చిన సంగతి ఆమెకు తెలియదు. ఆయన చెప్పలేదు.

శుక్రవారం పొద్దున బయలుదేరే హడావుడిలో బీరువా తలుపు పడి కుడి బొటనవేలు నలిగింది. గుడ్డ చుట్టుకుంటే వేలు వంకాయంత అయింది. దానితో పెన్ను మీట నొక్కడం కుదరలేదు.

"ఇలా తెండి, నేను వేస్తాను" అంది భార్య.

ఆయన అప్పటికే చొక్కా లోపలికి దోపుకుని బెల్టు పెట్టుకున్నాడు. "మళ్ళీ ఇదంతా విప్పాలా?"

"అక్కర్లేదు. చొక్కా చేయి పైకి మడవండి చాలు." కుడి జబ్బ వెనక, మెత్తటి చోట సూది దింపింది.

"అబ్బా!" అన్నాడు కాటాయన. "నొప్పెట్టింది."

"ఇరవై రెండేళ్ళకు నొప్పి కొత్తా మీకు?"

ఆయన రొట్టెలు తిని వెళ్ళిపోయాడు.

పదింబావుకు కాటా మీద ఇసుక లారీ ఉంది. తెర మీద ఎర్ర అంకెలు రెండుగా కనిపించాయి. కళ్ళు నులుముకుంటే నాలుగయ్యాయి. చెమట మెడ వెనక నుంచి నడుము దాకా కారింది. బల్ల మీద ఫోన్ మోగుతోంది. రోజూ మోగే మోత కాదు, ఇంకోటి. అది ఎందుకు మోగుతోందో, దాన్ని ఏం చేయాలో తట్టలేదు. దొరికిపోయానని మాత్రం అనిపించింది. ఏం చేసి దొరికిపోయాడో తెలియదు. "నేను తినలేదు" అన్నాడు పైకి. గదిలో ఎవరూ లేరు.

ఊరికి ఆ చివర కళ్ళజోళ్ళ దుకాణంలో కూతురి ఫోన్ కూడా అదే మోత మోగింది. అరవై ఒకటి, బాణం నిట్టనిలువుగా కిందికి. తండ్రికి చేసింది, ఎత్తలేదు. మళ్ళీ చేసింది. అంకె యాభై రెండయింది. పరీక్షకు కూర్చున్న మనిషిని కుర్చీలోనే వదిలేసి బయటికొచ్చి, గేటు పెద్దాయనకు చేసింది.

"పెదనాన్నా, మా నాన్నకు షుగరు పడిపోతోంది, పరుగెత్తు!"

పెద్దాయన గేటు తెరిచింది తెరిచినట్టే వదిలి పరుగెత్తాడు. ఆయన జేబులో గ్లూకోజు పొడి పొట్లం ఉంది. మొదటిసారి పడిపోయిన నాటినుంచి మోస్తున్నాడు దాన్ని. గాజు గది లోపలి గడియ వేసి ఉంది. ఒంటరిగా తినడం మొదలుపెట్టినప్పటి అలవాటు. భుజంతో రెండు గుద్దులు గుద్దితే ఊడింది. కాటాయన బల్ల మీద చెంప ఆనించి కూర్చుని ఉన్నాడు, కళ్ళు తెరిచే ఉన్నాయి.

"తాగు."

"నేను తినలేదన్నా."

"తినలేదులే. తాగు ముందు."

గ్లాసు పళ్ళకు తగిలి టకటకమంది. సగం గడ్డం మీద పోయింది, సగం లోపలికి పోయింది. ఇంకో గ్లాసు. పావుగంటకు ఎర్ర అంకెలు ఒక్క వరసగా నిలబడ్డాయి. బయట ఇసుక లారీవాడు హారను కొడుతున్నాడు. ఫోన్‌లో అంకె డెబ్భై నాలుగు, బాణం అడ్డంగా. కూతురు లైన్‌లోనే ఉంది. పెద్దాయన ఫోన్ బల్ల మీద పెడితే అందులోంచి ఏడుపు వినిపిస్తోంది.

"బాగానే ఉన్నాడమ్మా, తిట్టడానికి చూస్తున్నాడు నన్ను" అన్నాడు పెద్దాయన.

కాటాయనకు తిట్టే ఓపిక లేదు. చాలాసేపటికి అడిగాడు. "మా ఆవిడకు రోజూ ఏం చెప్పేవాడివన్నా?"

"ఆ రోజు చెబుదామంటే విన్నావా? ఏమీ తినలేదమ్మా అని చెప్పేవాణ్ణి. రోజూ అదే మాట. చక్కెర లేని టీ తాగాడు, తన డబ్బాలోదే తిన్నాడు, ఇంకేం ముట్టలేదు అని. నెల రోజులు చెప్పాను."

"మరి?"

"నమ్మలేదు చెల్లెలు. 'అన్నయ్యా, మీరూ ఆయనా ఒకటే, మీరు ఆయన్ని వెనకేసుకొస్తున్నారు' అంది." పెద్దాయన గ్లాసు అడుగున మిగిలిన పొడిని వేలితో గీకాడు. "అక్కడ ఆవిడకి నేను నీ మనిషిని. ఇక్కడ నీకు నేను ఆవిడ మనిషిని. మధ్యలో అడకత్తెరలో పోకచెక్కనయ్యాను."

కాటాయన తల వంచుకున్నాడు. తన తరఫున ఈ లోకంలో సాక్ష్యం పలికినవాడు ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడితోనే మూడు వారాలుగా మాట్లాడటం లేదు.

"లారీ తూచు ముందు" అన్నాడు పెద్దాయన. "వాడి హారను నా చెవిలో జోరీగలా ఉంది."

ఆ సాయంత్రం కూతురు ఇంటికి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా ఫోన్ ముందు పెట్టింది. నెల రోజుల గీతలు ఒకదాని పక్కన ఒకటి. అన్నీ కొండలే. ఇవాళ్టిది ఒక్కటే లోయ.

"రోజూ అదే తిండి, అదే మోతాదు. ఇవాళే కిందికి పోయింది. ఇవాళ మారిందేమిటమ్మా?"

"ఏం మారిందీ?" భార్య ఆలోచించింది. "వేలు నలిగింది. సూది నేను వేశాను."

"ఎక్కడ?"

"జబ్బకి."

"నాన్నా, నువ్వు రోజూ ఎక్కడ వేసుకుంటావు?"

కాటాయన చొక్కా ఎత్తి బొడ్డుకి కుడిపక్క ఒక చోటు, ఎడమపక్క ఒక చోటు చూపించాడు. "ఇక్కడొకటి, ఇక్కడొకటి. ఇరవై రెండేళ్ళుగా అక్కడే. అక్కడైతే చీమ కుట్టినట్టు కూడా ఉండదు."

భార్య వంగి వేలితో ఒత్తి చూసింది. ఇన్నేళ్ళ కాపురంలో పట్టించుకోని చోటు. చర్మం కింద నిమ్మకాయంత గడ్డ, రబ్బరులా కదిలింది. రెండో పక్క ఇంకా పెద్దది. ఆవిడ చేయి వెనక్కి తీసుకుని కూతురి వంక చూసింది.

సోమవారం నర్సు కూడా అక్కడే ఒత్తింది. పొట్టిగా, గబగబా మాట్లాడే మనిషి. "ఒకే చోట వేల సూదులు పడితే కొవ్వు ఇలా గట్టిపడుతుంది. అక్కడ నొప్పీ పుట్టదు, మందూ ఎక్కదు. గడ్డలోనే ఇరుక్కుంటుంది. ఒక్కోరోజు ఒక్కసారిగా వదులుతుంది. మీరు మొదటిసారి పడిపోయింది కూడా అందుకే అయ్యుంటుంది. మోతాదు ఎంత?"

ఆయన చెప్పాడు. ఆమె కనుబొమలు ముడిచింది. "ఇంత ఎవరు రాశారు?"

కాటాయన గోడ మీది గడియారం చూశాడు. కూతురు ఆయన్ని చూసింది.

"నేనే పెంచుకున్నాను" అన్నాడు. "కొంచెం కొంచెంగా."

"ఎక్కని మందును పెంచుకుంటూ పోయి, ఆ మొత్తం గడ్డ లేని మంచి చోట పడేసరికి కూలబడ్డారు. ఆ ఫోన్ లేకపోతే అది తెలిసేదీ కాదు, ఇవాళ నా ముందు కూర్చునేవారూ కాదేమో."

"మరి ఈ ఫోన్ రాకముందు బాగానే ఉండేదిగా అమ్మా?"

"బాగుందని ఎవరన్నారు? పొద్దున లేవగానే ఒక్కసారి చూసుకునేవారు. మిగతా రోజంతా ఎవరు చూశారు?"

ఆమె మోతాదు బాగా తగ్గించి రాసింది. తొడలు, జబ్బలు, పొట్ట మీద గడ్డకు దూరంగా ఉన్న చోట్లు, ఒకదాని తర్వాత ఒకటి తిప్పమంది. గడ్డల్ని నెలల తరబడి ముట్టుకోవద్దంది. సూది ఎక్కడ వేసిందీ ఫోన్‌లోనే గుర్తు పెట్టుకునే వీలుంది, ఆ పని భార్య తీసుకుంది.

ఇంటికొచ్చే దారిలో వీధి మలుపులో కూతురు ఆగింది. "నాన్నా, నేను నిన్ను..."

"అంకె చూసి అడిగావు. అందులో తప్పు లేదు" అన్నాడు ఆయన. "'ఏం తిన్నావు' అని కాక, 'ఎలా ఉన్నావు' అని అడిగుంటే బాగుండేది. నేనూ ఆ మోతాదు సంగతి దాచాను. చెల్లుకు చెల్లు అనను. రెండూ తప్పులే."

 మర్నాడు భార్య డబ్బాలో కూర రెండింతలు పెట్టింది. "అన్నయ్యకి కూడా" అంది, మిషను వైపు తిరిగి.

పెద్దాయన ఆ కూర తిని, ఉప్పు తక్కువైందని వంక పెట్టాడు. అంతటితో ఆ గొడవ సర్దుకుంది. గాజు గదికి కొత్త గడియ బిగించలేదు.

గీత ఒక్కరోజులో చదును కాలేదు. మొదటి వారం ఎగుడుదిగుళ్ళు, రెండో వారం గుట్టలు. నెలయ్యేసరికి, భోజనమయ్యాక నూట ఎనభై దాటడం తగ్గింది. కూతురి ఫోన్లు కూడా తగ్గాయి. చేసినా అల్లుడి సంగతులు, దుకాణం సంగతులు మాట్లాడి, అంకె ఊసెత్తకుండా పెట్టేస్తోంది. ఎత్తకుండా ఉండటానికి పడుతున్న అవస్థ గొంతులో తెలుస్తూనే ఉంది. భార్య జేబులు వెతకడం మానేసింది. చొక్కా మడతపెట్టేటప్పుడు మాత్రం ఓసారి వాసన చూస్తుంది. అది అలవాటో, అనుమానమో ఆయన అడగలేదు.

ఓ రోజు పెద్దాయన మిఠాయి పెట్టె పట్టుకుని వచ్చాడు. మనవరాలు పుట్టిందట. కాటాయన పెట్టెనూ, ఆయన మొహాన్నీ చూసి చేయి చాపాడు. గంటన్నర తర్వాత ఫోన్ మోగింది. రెండువందల నలభై, బాణం పైకి.

ఆయన కూతురి ఫోన్ కోసం చూశాడు. రాలేదు. రెండు లారీలు తూచాడు. అప్పటికీ రాలేదు. చివరికి తనే చేశాడు.

"ఎలా ఉన్నావు నాన్నా?" అంది కూతురు జాగ్రత్తగా. "గడ్డ దగ్గర పడిందేమో ఇవాళ సూది?"

"కాదు తల్లీ. ఇవాళ తిన్నాను. మిఠాయి."



"ఎన్ని?"

"ఒకటి."

"ఊఁ."

గేటు దగ్గర పెద్దాయన పెట్టె మూత పెడుతూ ఇటే చూస్తున్నాడు.

"ఒకటిన్నర" అన్నాడు కాటాయన.